వార్షిక నివేదిక: గౌను వేసుకున్న గాంధీ

జొహానెస్‌బర్గ్‌లోని మన తెలుగు కుటుంబాలన్నిటికీ నమస్కారం.

ఈ ఏడాది సంక్రాంతి, ఉగాది ఎప్పటిలాగే జరుపుకున్నాం. ఆదివారం తెలుగు తరగతులు ఆగలేదు. పని వారమంతా అలసిపోయి కూడా వచ్చి పాఠాలు చెప్పిన తల్లులకు కమిటీ ఋణపడి ఉంది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. మిగతా చోటంతా అక్టోబర్ 2నాటి కార్యక్రమానికే ఇస్తున్నాను.

ఆ రోజు పిల్లల్ని గాంధీ స్క్వేర్‌కు తీసుకెళ్లాం. కంచు విగ్రహాన్ని చూడగానే ఒక పాప "ఈయన గాంధీ తాత కాదు" అంది. నిజమే, కొల్లాయి లేదు, చేతికర్ర లేదు. సూటు మీద లాయరు గౌను వేసుకున్న యువకుడు. శిల్పి టింకా క్రిస్టఫర్ చేసిన ఈ రెండున్నర మీటర్ల విగ్రహాన్ని 2003లో, గాంధీ జయంతి రోజునే ఆవిష్కరించారు.

అక్కడే గౌను ఎందుకంటే, ఒకప్పుడు ఆ చోట కోర్టు ఉండేది. 1893లో 23 ఏళ్ల వయసులో డర్బన్‌లో దిగిన గాంధీ, పదేళ్ల తర్వాత ఈ ఊళ్లో ఆఫీసు తెరిచి ఆ కోర్టులోనే వాదించాడు. 1908 జనవరిలో అదే కోర్టులో ముద్దాయిగా నిలబడ్డాడు. ఆసియావాళ్ల రిజిస్ట్రేషన్ చట్టానికి లొంగనందుకు రెండు నెలల జైలు వేశారు. వకీలుగా నిలిచిన చోట ముద్దాయిగా నిలబడటం కాస్త ఇబ్బందిగా అనిపించిందని ఆయనే రాసుకున్నాడు. ఇది చెప్పినప్పుడు పిల్లలు అల్లరి మానేసి విన్నారు.

2015లో ఈ విగ్రహం మీద తెల్లరంగు ఎందుకు పోశారని పెద్దపిల్లలు అడిగారు. యువకుడిగా ఉన్నప్పుడు గాంధీ ఇక్కడి ఆఫ్రికన్ల గురించి చులకనగా రాశాడని, ఆ కోపం ఇంకా ఉందని దాచకుండా చెప్పాం. పిల్లల ముందు ఆ ప్రస్తావన ఎందుకని తర్వాత ఇద్దరు ముగ్గురు పెద్దలు నొచ్చుకున్నారు. వారి మీద గౌరవం ఉంది, కానీ ఈ దేశంలో పెరిగే పిల్లలకు అది మన నోటితోనే తెలియాలని నా అభిప్రాయం. ఆ సాయంత్రం తెచ్చిన దండను దిమ్మె దగ్గర పెట్టింది కూడా ఆ ప్రశ్న అడిగినవాళ్లే.

వచ్చే ఏడాది కాన్‌స్టిట్యూషన్ హిల్‌లో ఆయన్ని ఉంచిన పాత జైలు చూపించాలని కమిటీ తీర్మానించింది. పిల్లల వెంట రాగలిగిన పెద్దలు ఉగాదిలోపు పేర్లు ఇవ్వండి.

మీ కార్యదర్శి