బుడమేరు బెజవాడ దగ్గరే ఆగిపోదు

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వస్తే చాలు, బుడమేరు మీద వార్తలు, చర్చలు అన్నీ బెజవాడ సింగ్‌నగర్‌తో మొదలై సింగ్‌నగర్‌తోనే అయిపోతాయి. 2024 సెప్టెంబర్ వరదలో అక్కడివాళ్లు పడ్డ బాధ చూశాక ఆ మాత్రం పట్టించుకోవడం న్యాయమే. కానీ ఏరు అక్కడితో ఆగదు కదా, చివరికి వచ్చి పడేది మా కొల్లేట్లో.

మైలవరం వైపు కొండవాగులు కలిసి బుడమేరు అవుతుంది. పైన గట్టి వాన పడితే గంటల్లో ఉరికి వస్తుంది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర కొంత నీటిని డైవర్షన్ ఛానల్‌లోంచి కృష్ణకు మళ్లిస్తారు గానీ, అదే టైంలో కృష్ణకూ వరద ఉంటే ఆ నీరు సరిగా లాగదు, 2024లోనైతే ఛానల్ కట్టకే గండ్లు పడ్డాయి. మిగతాదంతా పల్లానికే వస్తుంది. కొండ దిగాక వాలు లేదు, పరుగు తగ్గి నీరు పక్కలకు పరుచుకుంటుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉన్న కొల్లేటికి తమ్మిలేరు, రామిలేరు, గుండేరు కూడా వచ్చి చేరతాయి. ఇన్ని లోపలికి వస్తే సముద్రానికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. పోటు సమయంలో అదీ నెమ్మదిస్తుంది.

వరదప్పుడు కొల్లేటి మీది పెదయడ్లగాడి వంతెన దగ్గరికి రండి. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి నీరు పోయే ఖానాలకు అడ్డం పడి ఉంటుంది, పొక్లెయిన్ పెట్టి ఒకవైపు తీస్తుంటే వెనకనుంచి మళ్లీ వచ్చి చేరుతూనే ఉంటుంది. 2024లో బెజవాడలో నీరు తీస్తోందని అందరూ ఊపిరి పీల్చుకునేసరికి మా లంక గ్రామాలు మునిగాయి, ఏలూరు–కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాయి.

2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వం కొట్టేసిన చేపల చెరువుల గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి. చెరువుల మీదే మా ఊళ్లు బతుకుతున్నాయి, అయినా చెబుతున్నాను: ఏరులు వచ్చి కొల్లేట్లో కలిసేచోట అడ్డంగా గట్టు వేస్తే మునిగేది మనమే.

నగరంలో బుడమేరును వెడల్పు చేయండి, కాదనను. అయితే అప్పుడు నీరు మా మీదికి ఇంకా తొందరగా వస్తుంది, కాబట్టి ముందు ఉప్పుటేరులో పూడిక తీయాలి, ఆ అడ్డుగట్లు తీసేయాలి. మీ పత్రికకూ ఒక మనవి. వరదల రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నీటిమట్టం వేస్తారుగా, దాని పక్కనే కొల్లేరు మట్టం కూడా వేయండి.

– ఒక పాఠకుడు, కైకలూరు