క్లబ్‌ఫుట్ పిల్లల వైద్య నిధి, బ్లాంటైర్: 2024 జమా ఖర్చుల వివరణ

మలావిలోని తెలుగు కుటుంబాలకు, బయటి దేశాల నుంచి డబ్బు పంపిన బంధుమిత్రులకు నమస్కారం. పుట్టుకతోనే పాదాలు లోపలికి తిరిగిపోయిన పిల్లల వైద్యం కోసం 2024లో వసూలైన సొమ్ము, అయిన ఖర్చు కింద ఇస్తున్నాం. ఏటా ఉగాదికి చదివే లెక్క ఈసారి ముందే ఎందుకు పెడుతున్నామో అందరికీ తెలుసు. డబ్బు ఎక్కడికి పోయిందంటూ, ముఖ్యంగా దారి ఖర్చుల మీద, ఫోన్లలో నడుస్తున్న మాటలు మా చెవిన కూడా పడ్డాయి.

జమ (మలావి కరెన్సీ క్వాచాల్లో)
ఉగాది సభలో వసూలు: 18,40,000
బ్లాంటైర్, లింబే కుటుంబాల నెల చందాలు: 31,20,000
లిలాంగ్వే నుంచి: 9,60,000
అమెరికా, హైదరాబాద్ బంధుమిత్రులు: 24,80,000
పులిహోర, మిర్చిబజ్జీ స్టాల్ మీద మిగులు: 3,75,000
మొత్తం జమ: 87,75,000

ఇచ్చిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు. బజ్జీల దగ్గర పొద్దుటి నుంచి నిలబడ్డ ఆడవాళ్లకు మరీ మరీ. డాలర్లను బ్యాంకులోనే, డాలరుకు సుమారు 1,730 క్వాచాల చొప్పున మార్చాం. బయట మారిస్తే చాలా ఎక్కువ వచ్చేదని కొందరన్నారు. నిజమే, వచ్చేది. అది చట్టవిరుద్ధం. రసీదు లేని మారకానికి రేపు లెక్క అడిగేదీ మీరే.

ఖర్చు
పాదాల బ్రేసులు (కడ్డీతో కలిపిన బూట్లు), 34 జతలు: 8,50,000
ఆసుపత్రిలో స్టాకు లేనప్పుడు కొన్న ప్లాస్టర్, దూది చుట్టలు: 11,30,000
దారి ఖర్చులు: 41,60,000
తల్లుల భోజనం, రాత్రి బస: 9,45,000
రసీదు పుస్తకాలు, జిరాక్సులు, బ్యాంకు చార్జీలు: 68,000
మొత్తం ఖర్చు: 71,53,000
నిల్వ: 16,22,000

బ్రేసులు ఇండియా నుంచో అమెరికా నుంచో తెప్పించలేదేమని ఒకరు అడిగారు. ఇక్కడ వాడేది స్టీన్‌బీక్ బ్రేసు. ఉగాండాలో, దొరికే తోలు, ఇనుప కడ్డీతో స్థానికంగా చేసుకునేలా తయారుచేసిన నమూనా అది. జత 25,000 క్వాచాలు పడింది. తెగితే ఇక్కడి చెప్పులు కుట్టే అతనే బాగుచేస్తాడు.

ఇక దారి ఖర్చుల సంగతి. "వైద్యానికని ఇస్తే సగం డబ్బు మినీబస్సుల వాళ్లకు పోశారు" అన్నారు. వచ్చిన డబ్బులో సగం కాదు గానీ, అయిన ఖర్చులో సగం పైనే, అదే పెద్ద పద్దు, దాచాల్సిందేమీ లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స ఉచితం. అక్కడికి చేరడమే ఉచితం కాదు.

ఈ చికిత్స పేరు పొన్సెటి పద్ధతి. అమెరికాలోని అయోవాలో డాక్టర్ ఇగ్నాసియో పొన్సెటి రూపొందించారు. ఒక్క ఆపరేషన్‌తో తేలిపోయే పని కాదు. డాక్టరు వారం వారం పాదాన్ని చేత్తో మెల్లగా తిప్పి కొత్త ప్లాస్టర్ వేయాలి, సాధారణంగా ఐదారు సార్లు. తర్వాత చాలామందికి మడమ వెనక స్నాయువుకు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) చిన్న కోత, మూడు వారాల ఆఖరి ప్లాస్టర్. ఆపై మూడు నెలలు రోజుకు 23 గంటలు బ్రేసు, ఆ తర్వాత నాలుగైదేళ్ల వయసు దాకా నిద్రపోయేటప్పుడు. మధ్యలో మానేస్తే పాదం మళ్లీ తిరిగిపోతుంది, పెట్టిన ప్లాస్టర్ ఖర్చంతా గంగపాలు.

ఈ ఏడు 16 మంది పిల్లలు, మొత్తం 160 రాకపోకలు, ఒక్కోదానికి సగటున 26,000. మలావి దక్షిణ కొసన ఉన్న న్సాంజే నుంచి వచ్చే తల్లి తెల్లవారకముందే కబాజా (అద్దె) సైకిలెక్కి రోడ్డు దాకా వస్తుంది, అక్కడి నుంచి మినీబస్సు. 2023లో ఫ్రెడ్డీ తుపానుకు ఆ దారి ఎంత దెబ్బతిన్నదో మనకు తెలుసు. వానల్లో బిడ్డను చితెంజే గుడ్డతో వీపున కట్టుకుని, ప్లాస్టర్ తడవకుండా కాళ్లకు పంచదార సంచి ప్లాస్టిక్ చుట్టి తెచ్చినవాళ్లున్నారు. పైగా ఏడాది చివర్లో పెట్రోలు దొరక్క బంకుల దగ్గర క్యూలు కట్టినప్పుడు చార్జీలు అడ్డంగా పెంచేశారు. ఆ నెలలో వ్యాను మాట్లాడదామని చూశాం. మినీబస్సుల కంటే రెట్టింపు అడిగారు.

"ఆరు వారాలు బ్లాంటైర్‌లోనే ఉంచేయొచ్చుగా" అని ఇంకో ప్రశ్న. మొక్కజొన్న వేసే రోజుల్లో, ఇంట్లో ఇంకో ముగ్గురు పిల్లల్ని వదిలేసి ఏ తల్లి ఉంటుంది? అడిగాం, ఇద్దరే ఒప్పుకున్నారు.

టికెట్లు చూపించమంటున్నారు. ఇక్కడి మినీబస్సులో టికెట్ ఇవ్వరని మీకు మేం చెప్పాలా? అందుకే వేరే పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి పేషెంటు దగ్గరా హెల్త్ పాస్‌పోర్ట్ అనే చిన్న పుస్తకం ఉంటుంది. క్లినిక్‌కి వచ్చిన రోజు అందులో తేదీ, ముద్ర పడతాయి. ఆ ముద్ర చూసి, మా పుస్తకంలో సంతకమో వేలిముద్రో తీసుకున్నాకే చార్జీ చేతికిస్తాం. ముందుగా ఎవరికీ ఇవ్వలేదు. మొదటిసారి వచ్చే డబ్బు లేనివాళ్లకు మాత్రం ఊరి ఆరోగ్య కార్యకర్త ద్వారా పంపాం, ఆ పేజీలు విడిగా ఉన్నాయి.

పిల్లల ఫొటోలు పెట్టలేదన్నది మరో ఫిర్యాదు. పెట్టం. మన పిల్లల కాళ్ల ఫొటోలు ఎవరైనా గ్రూపుల్లో తిప్పితే ఊరుకుంటామా?

నిల్వ 16,22,000 మిగులు కాదు. పిల్లలు ఎదిగే కొద్దీ బ్రేసు సైజు మారుతుంది, పరీక్షలకు మళ్లీ రావాలి. దీన్ని శ్రీరామనవమి ఖర్చుకు సర్దమన్న సలహాను కమిటీ ఒప్పుకోలేదు.

చివరిగా, ఉగాది సభలో మైకులో చెప్పిన చందాల్లో 9,20,000 ఇంకా చేతికి రాలేదు. చప్పట్లు మాత్రం ఆ రోజే కొట్టాం. పేర్లు రాయడం లేదు. ఎవరిది వారికి గుర్తుండే ఉంటుంది, లెక్కలు గట్టిగా అడిగినవారిలోనూ ఇద్దరున్నారు. ఆరు నెలల పాటు సగం ధరకే మొక్కజొన్న పిండి ఇచ్చిన లింబే గుజరాతీ దుకాణదారు మాత్రం ఏ సభలోనూ పేరు చదివించుకోలేదు.

పుస్తకాలు, వోచర్లు కోశాధికారి గారింట్లో ఆదివారాలు ఉదయం 10 నుంచి 1 దాకా ఎవరైనా చూడొచ్చు. తేడా కనిపిస్తే ఆ పేజీలోనే రాసి సంతకం పెట్టండి. బాకీ చందాలు ఫిబ్రవరి నెలాఖరులోగా బ్యాంకులో వేసి స్లిప్పు పంపగలరు.

కమిటీ సభ్యులు