వంట చేసే మనిషికి చెప్పాలి బావా

అమలాపురం

బావా,

నీ ఉత్తరం చదివాను. ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ, నువ్వు ఆఫీసు హడావిడిలో సగం విని సగం మర్చిపోతావు. రాస్తే చెల్లాయి కూడా చదువుతుంది, అవసరమైనప్పుడు మళ్ళీ తీసి చూసుకోవచ్చు.

మీ మావగారి కిడ్నీ జబ్బు ఫైలు చూశాను. డయాలసిస్ మొదలుపెట్టాలని డాక్టరుగారు అన్నాక, మందుల సంగతి ఆయన చూసుకుంటారు. నేను డయాలసిస్ టెక్నీషియన్ని, అందులో వేలు పెట్టను. నా దిగులంతా ఆ ఫైల్లో లేని దాని గురించి. నువ్వు రాసినదాన్ని బట్టి డాక్టరు గదిలోకి వెళ్ళింది నువ్వూ, మీ బావమరిదీ. మీ అత్తగారు బయట బెంచీ మీద కూర్చున్నారు. రేపటినుంచి ఆయనకి మూడు పూటలా వండిపెట్టేదీ, మాత్రలు చేతికిచ్చేదీ, రాత్రి ఆయాసం వస్తే ముందుగా లేచేదీ ఆవిడ. నువ్వు హైదరాబాదులో ఉంటావు, మీ బావమరిది పొద్దున్నే చెరువు మీదకి పోతాడు. మరి డాక్టరుగారు చెప్పిందంతా విన్నది ఎవరు, చెయ్యాల్సింది ఎవరు?

మా సెంటర్లో రోజూ చూసేది ఇదే. కొడుకు ఫైలు పట్టుకుని లోపలికి వస్తాడు, అన్నిటికీ తలూపుతాడు. ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో "ఉప్పు తగ్గించమన్నారు, పళ్ళు పెట్టొద్దన్నారు" అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాడు. అరగంట మాట ఆ రెండు ముక్కలకి కుదించుకుపోతుంది.

అంబాజీపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. సొంత కొబ్బరితోట ఉంది. సోమవారం వచ్చాడంటే రక్తంలో పొటాషియం ఎప్పుడూ ఎక్కువే. ఆదివారం మధ్యలో పడి రెండు రోజుల ఖాళీ వస్తుంది కదా, అందరికీ సోమవారం కాస్త కష్టంగానే ఉంటుంది. కానీ ఈయనది మరీ ఎక్కువ. ఇంట్లో ఏం తింటున్నారని అడిగితే, "అరటిపళ్ళు మానేశామండీ, మామిడిపళ్ళు ముట్టుకోనివ్వడం లేదు" అంది వాళ్ళావిడ. చెప్పింది చెప్పినట్టు పాటిస్తోంది పాపం. ఇంకాస్త కదిపితే బయటపడింది. రోజూ సాయంత్రం నీరసంగా ఉంటున్నాడని ఒక లేత బోండం కొట్టి ఇస్తోందట. "పళ్ళే కదండీ వద్దన్నారు, బోండం నీళ్ళు పండు కాదు కదా" అంది. ఆవిడని ఒక్క మాట అనడానికి లేదు. ఆసుపత్రిలో పొటాషియం అన్నారు. ఆవిడ వంటింట్లో పొటాషియం అనే డబ్బా లేదు. బోండం గురించి ఎవరూ చెప్పలేదు.

మన కోనసీమలో ఒంట్లో బాగోలేని మనిషిని చూడ్డానికి ఉత్త చేతులతో ఎవరెళ్తారు? నాలుగు బోండాలో, ఒక అత్తం చక్కెరకేళో పట్టుకెళ్తాం. మామూలు మనిషికి అవి మంచివే. ఒంట్లో ఎక్కువైన పొటాషియం మూత్రంలో పోతుంది. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళకి పోదు. ఒక మాదిరి బోండంలో 500, 600 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక అరటిపండులో 350, 400 దాకా ఉంటుంది. చాలామంది డయాలసిస్ పేషెంట్లకి రోజు మొత్తానికి పెట్టే హద్దే 2000కి అటూ ఇటూ. రక్త పరీక్ష రిపోర్టులో పొటాషియం నంబరు (mEq/L) 3.5 నుంచి 5 వరకూ ఉండాలి. 6.5 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కాళ్ళలో సత్తువ లాగేసినట్టు అవుతుంది, ఒక్కోసారి ఆ గుర్తు కూడా కనిపించదు. అందుకే చుట్టాలకి ముందుగానే చెప్పేయండి, చూడ్డానికి వచ్చేటప్పుడు ఏమీ తేవద్దని. మొహమాటపడితే కుదరదు.

కంద, చేమదుంప, బంగాళాదుంప పూర్తిగా మానెయ్యాలనేం లేదు. చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చి పారబోసి, అప్పుడు తాలింపు వెయ్యాలి. మీ మావగారికి కందాబచ్చలి ప్రాణమని నాకు తెలుసు. బచ్చలితో జాగ్రత్త, ఎంత తినొచ్చో డైటీషియన్ని అడగండి. ఇంకొకటి, ఉప్పు తగ్గించాలని ఎవరైనా "లో సోడియం" ఉప్పు ప్యాకెట్టు కొనిస్తే వాడొద్దు. అందులో సోడియం బదులు వేసేది పొటాషియమే.

ఇక నీళ్ళు. అందరికంటే ఎక్కువ గొడవలు ఇక్కడే అవుతాయి. మన డెల్టాలో పుట్టినవాడికి వేరే చెప్పక్కర్లేదు, డ్రెయిను పూడుకుపోతే చేలో నీళ్ళెలా నిలుస్తాయో, ఒంట్లో కూడా అంతే. కాళ్ళు ఉబ్బుతాయి, తర్వాత ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. ముందు రోజు ఎంత మూత్రం వచ్చిందో కొలిచి, దానికి అరలీటరు కలిపితే ఆ రోజు ఆయన తాగగలిగేది సుమారుగా తెలుస్తుంది. కచ్చితమైన లెక్క డాక్టరుగారు చెబుతారు. అందులో టీ, మజ్జిగ, చారు, పులుసు, గంజి అన్నీ లెక్కే. "ఆయన నీళ్ళు తక్కువే తాగుతారండీ" అంటారు, మధ్యాహ్నం అన్నంలో రెండు గ్లాసుల మజ్జిగ పోస్తారు.

మా దగ్గర ఒకావిడ పద్ధతి నాకు బాగా నచ్చింది. పొద్దున్నే ఆయన కోటా నీళ్ళు ఒక సీసాలో కొలిచి పెడుతుంది. టీ ఇస్తే అంత నీళ్ళు సీసాలోంచి మొక్కల్లో పారబోస్తుంది. చారు పోస్తే చారుకి కూడా అంతే. సాయంత్రానికి సీసాలో ఎంత మిగిలిందో ఆయనకే కనిపిస్తుంది, ఎవరూ ఎవరినీ కసరక్కర్లేదు. ఇది ఏ డాక్టరూ చెప్పలేదు, తనే కనిపెట్టుకుంది. ఇప్పుడు కొత్తవాళ్ళకి ఆవిడ చేతే చెప్పిస్తున్నాను. మేం పదిసార్లు చెప్పినదానికంటే ఆవిడ ఒక్కసారి చెబితే ఎక్కువ ఎక్కుతుంది.

దాహం తగ్గాలంటే ఉప్పు తగ్గాలి. ఆవకాయ, చల్లమిరపకాయలు, ఎండుచేపలు ఇంట్లో కళ్ళెదురుగా ఉంచుకుని మనిషిని నీళ్ళు తాగొద్దంటే అది శిక్షే. నోరెండిపోతే పుక్కిలించి ఉమ్మెయ్యడం, చిన్న ఐసుముక్క చప్పరించడం అలవాటు చెయ్యండి. ఆ ముక్కా లెక్కలోదే సుమా. ఒకే కాటా మీద, ఒకే రకం బట్టల్లో రోజూ బరువు చూడండి. ఒక్కరోజులో కిలో పెరిగిందంటే తిండి వల్ల కాదు, దాదాపు లీటరు నీరు. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నారంటే తర్వాతి డయాలసిస్ సిట్టింగు దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

పథ్యం గురించి మీ అత్తగారితో నువ్వే ఓపిగ్గా మాట్లాడాలి. ఇన్నాళ్ళూ ప్రోటీను తగ్గించమన్నారు, ఆవిడ గుడ్డు, చేప, పప్పు అన్నీ మాన్పించేశారు. డయాలసిస్ మొదలయ్యాక ఆ మాట మారుతుంది. డయాలసిస్‌లో కొంత ప్రోటీను పోతుంది కాబట్టి, ఒంటి బరువులో కిలోకి 1 నుంచి 1.2 గ్రాముల దాకా తినాలంటారు. అరవై కిలోల మనిషికి రోజుకి 60, 70 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది. ఈ మార్పు ఇంటికి చేరక చప్పిడి కూడు తిని ఎండిపోయినవాళ్ళని చూస్తున్నాను. ప్రేమతోనే పస్తు పెడుతున్నారు. అది చూసినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది. తాజా చేప, గుడ్డు తెల్లసొన ఎంత పెట్టాలో డైటీషియన్ని గ్రాముల్లో కాదు, ముక్కల్లో చెప్పమనండి. ఫాస్ఫరస్ తగ్గడానికి మాత్రలిస్తే అవి అన్నంతో పాటే వేసుకోవాలి, తిండిలోని ఫాస్ఫరస్‌ని పట్టుకోవడానికే అవి. పరగడుపున మింగితే వృథా.

ఫిస్టులా సంగతి. 1966లో న్యూయార్కులో బ్రెస్చియా, చిమినో అనే డాక్టర్లూ, వాళ్ళతో పనిచేసిన సర్జనూ రక్తాన్ని డయాలసిస్ మెషీన్‌కి పంపడానికి చేతిలో ధమనినీ సిరనీ కలిపే ఈ పద్ధతిని లోకానికి చెప్పారు. ఇప్పటికీ అదే అందరికంటే మేలైన దారి. ఆపరేషనయ్యాక అది బలపడ్డానికి ఆరేడు వారాలు పడుతుంది. కానీ దాన్ని కాపాడాల్సింది ఇంట్లోవాళ్ళే. ప్రతి కొత్త కుటుంబానికీ నేను చెయ్యి పట్టి నేర్పిస్తాను. మూడు వేళ్ళు మెల్లిగా ఆనించమంటాను. "కొట్టుకుంటోందండీ" అంటారు. అది నాడి. ఇంకాస్త ఆగి చూడమంటాను. అప్పుడు అడుగున జుయ్యిమని వస్తుంది, చెవి దగ్గర పెట్టుకుంటే వినబడుతుంది కూడా. అది తెలియగానే వాళ్ళ మొహాలు మారిపోతాయి. అదే పొద్దునా రాత్రీ చూసుకోవాలి. ఒకరోజు ఆ జుయ్యిమనడం ఆగిందంటే మర్నాడు చూద్దామనుకోకూడదు, వెంటనే రావాలి. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, రక్తం తియ్యకూడదు, సెలైను పెట్టకూడదు. వాచీ, బిందె బరువు, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోవడం వద్దు. ఊళ్ళో ఆర్ఎంపీకి కూడా మీ బావమరిది వెళ్ళి చెప్పాలి. నొప్పి ఇంజెక్షన్లు వద్దని అప్పుడే చెప్పండి. ఇంకా కాస్తో కూస్తో మూత్రం వస్తున్నవాళ్ళకి ఆ మిగిలిన పనిని కూడా డైక్లోఫెనాక్ లాంటివి చెడగొడతాయి.

ఇదంతా చదివి అత్తగారికి ఇలాగే అప్పజెప్పేస్తానంటావేమో, అలా చెయ్యకు. "అర్థమైందా" అని అడిగితే మన దగ్గర ఎవరైనా "ఊఁ" అనే అంటారు. పెద్దవాళ్ళు మరీను, డాక్టరుగారి టైము పాడవుతుందని భయం. అందుకే నేను అలా అడగను. "అమ్మా, రేపు మీ మరిదిగారు రెండు బోండాలు పట్టుకొస్తే ఏమంటారు?" అని అడుగుతాను. "రాత్రి చెయ్యి చూస్తే జుయ్యిమనకపోతే ఏం చేస్తారు?" అని అడుగుతాను. ఆవిడ తన మాటల్లో చెప్పగలిగితే సరిగ్గా చెప్పామన్నమాట. తడబడితే మన చెప్పడం సరిపోలేదు, ఇంకోలా చెప్పాలి. ఒకేరోజు అన్నీ వద్దు. పేషెంటు నాలుగు గంటలు బెడ్డు మీద ఉంటాడు, ఇంట్లోవాళ్ళు నాలుగు గంటలు బయట కూర్చుంటారు. వారానికి రెండుసార్లో మూడుసార్లో. సిట్టింగుకి ఒక్క విషయం చెప్పినా నెల తిరిగేసరికి ఎంత వస్తుందో చూడు.

ఇంటివాళ్ళ చేతుల మీద నాకింత నమ్మకం ఎందుకంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారి సంగతి నీకు చెప్పాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా పడింది. సెలైన్లు అయిపోయాయి, నర్సులు చాలరు. ఆయన ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో నింపించి, రోగుల తల్లులకీ, అన్నదమ్ములకీ ఇచ్చి తాగించమన్నారు. అప్పటిదాకా నూటికి ముప్పై మంది దాకా చచ్చిపోతున్న చోట మరణాలు నాలుగు శాతం లోపుకి దిగాయి. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. మందు ఆయన కనిపెట్టింది కాదు. చదువురాని తల్లి కూడా చెయ్యగలదని నమ్మి ఆవిడ చేతికి గ్లాసిచ్చారు, అదీ గొప్ప. అన్నట్టు, మీ మావగారికి విరోచనాలైనా ఓఆర్ఎస్ మీ అంతట మీరు ఇవ్వొద్దు. అందులోనూ పొటాషియం ఉంటుంది, ముందు మాకు ఫోన్ చెయ్యండి.

ఒక్క విషయంలో మాత్రం నీతో పోట్లాడతాను. "నాలుగైదు సార్లు చేయించుకుంటే సరిపోతుంది" అని ఆయనకి చెప్పారట. నీ ఉద్దేశం నాకు తెలుసు, ఆయన బెంగపడకూడదని. కానీ ఆరోసారి సూది పడేటప్పుడు ఏం చెబుతారు? అప్పుడు ఆయనకి జబ్బు మీదే కాదు, మీ మీద కూడా నమ్మకం పోతుంది. జీవితమంతా పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. ఆయన బరువు, ఆయన నీళ్ళ కోటా, ఆయన పొటాషియం నంబరు ఆయన చేతే పుస్తకంలో రాయించు. కిడ్నీ మార్పిడి ఆపరేషన్‌కి తను సరిపోతారో లేదో డాక్టరుగారిని ఆయన్నే అడగనివ్వు. డయాలసిస్ మీద ఏళ్ళ తరబడి ఉండి, మనవరాళ్ళ పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు మా దగ్గర ఉన్నారు. వాళ్ళ పక్క బెడ్డు ఇప్పిస్తాను, మాట్లాడుకుంటారు.

మీ అత్తగారి గురించి కూడా ఆలోచించు. ఆవిడ నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఎవరైనా అడిగారా? చెల్లాయి నెలకి ఒకసారైనా వచ్చి నాలుగు రోజులుంటే, ఆవిడ వాళ్ళ అక్కగారింటికి వెళ్ళి రావచ్చు. చెల్లాయి కూడా ఇవన్నీ నేర్చుకునే రావాలి, లేకపోతే ఆవిడ అక్కడున్నా ప్రాణమంతా ఇక్కడే ఉంటుంది.

ఖర్చు గురించి టెన్షన్ పడకు. ఎన్టీఆర్ వైద్య సేవలో డయాలసిస్ ఉంది, కార్డూ ఆధారూ పట్టుకురండి.

మొదటి సిట్టింగుకి నువ్వు రాలేకపోయినా ఫరవాలేదు గానీ, అత్తగారు తప్పకుండా రావాలి. వచ్చేటప్పుడు మూడు రోజులు ఇంట్లో ఏమేం వండారో, ఆయన ఏం తిన్నారో, ఏం తాగారో ఒక కాగితం మీద రాయించి పంపు. రాయడం కష్టమైతే ఫోన్లో చెబితే చాలు, నేను రాసుకుంటాను. ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ, మందుల షాపులో అడిగి కొన్నవీ, ఎవరో చెప్పారని వాడుతున్న పసరు మందులేమైనా ఉంటే అవీ, ఒక సంచిలో వేసి తెమ్మను. ఎవరూ తిట్టరని మరీ మరీ చెప్పు.

చెల్లాయిని అడిగానని చెప్పు. అత్తగారి ఫోన్ నంబరు ఇవాళే పంపు, రాత్రి డ్యూటీ దిగాక మాట్లాడతాను.

ఉంటాను,
నీ బావ