ఇకపై ప్లేటు పూత మేం పూయం: మా కస్టమర్లకు ఒక మాట

విశాఖ డాబాగార్డెన్స్‌లోని మా ప్రెస్‌లో వైప్‌ఆన్ ప్లేట్లు, అంటే మేమే పూత పూసి అచ్చుకు వాడే రేకులు, ఆపేశాం. బిల్లు పుస్తకమైనా, పెళ్లి కార్డయినా ఇక పీఎస్ ప్లేట్లే, అంటే ఫ్యాక్టరీలోనే పూత పూసి వచ్చేవి. ప్లేటు ఖర్చు పెరుగుతుంది. దాన్ని కాగితం లెక్కలోనో బైండింగ్‌లోనో కలిపేయకుండా బిల్లులో విడిగా చూపిస్తాం. ఎందుకు మార్చామో కూడా మీకు తెలియాలి.

వైప్‌ఆన్‌లో డయాజో అనే, వెలుగు తగిలితే మారే రసాయనం పౌడరు కలిపిన ద్రావణాన్ని అల్యూమినియం రేకు మీద స్పాంజితో మేమే పూస్తాం. అక్షరాలు తెల్లగా, చుట్టూ నల్లగా ఉండే నెగెటివ్ ఫిల్ము పెట్టి లైటు వేస్తే వెలుగు తగిలినచోట పూత గట్టిపడి ఇంకు పట్టుకుంటుంది. తగలనిచోట కడిగితే పోవాలి. విశాఖలో చిక్కంతా అక్కడే. డయాజోకు వేడీ పడదు, తేమా పడదు. ముసురు పట్టిన రోజుల్లో, ఉక్కపోత రోజుల్లో చీకట్లో పెట్టినా పూత పాడవుతూనే ఉంటుంది, సరిగ్గా కడగబడదు. జీఎస్టీ నంబరులో 8 లోపలి గుండ్రాలు రెండూ పూడిపోతాయి. తెల్లగా ఉండాల్సినచోట సన్నటి మసక పడుతుంది. అలాంటి పుస్తకం మీ చేతిలో పెట్టడం నాకిష్టం లేదు.

మేం తెస్తున్న పాజిటివ్ పీఎస్ ప్లేటు తీరే వేరు. నోవొలాక్ అనే రెసిన్‌లో డయాజోనాఫ్తోక్వినోన్ అనే, వెలుగుకు మారే రసాయనం కలిపిన అతి పల్చటి పూత అది. ఈ రసాయనం మీద జర్మనీలోని కల్లే కంపెనీలో ఆస్కార్ సూస్ 1940లలో పనిచేశారు. తర్వాత కంప్యూటర్ చిప్‌ల తయారీకీ ఇదే పనికొచ్చింది. ఇక్కడ వెలుగు తగిలినచోటే పూత పోతుంది. అల్ట్రావయొలెట్, నీలి కాంతి పడగానే ఆ పదార్థం నైట్రోజన్ వదిలి ఆమ్లంగా మారి, ప్లేటు కడిగే క్షార ద్రావణంలో (డెవలపర్) కరిగిపోతుంది. ఆ మార్పుకు కాస్త తేమ అవసరం కూడా, కాబట్టి మన గాలి దీనికి అడ్డు కాదు. ప్లేటు రూములో పసుపు లైట్లు పెట్టించాం. దయచేసి ఆ తలుపు తీసి లోపలికి రావద్దు.

ఒక ఇబ్బంది మాత్రం మీకు తప్పదు. ఏటా అదే బిల్లు పుస్తకం వేయించుకునేవారి పాత నెగెటివ్‌లు ఈ ప్లేట్లకు పనికిరావు. మ్యాటర్ మళ్లీ కంప్యూటర్‌లో కొట్టి, అక్షరాలు నల్లగా ఉండే పాజిటివ్ ఫిల్ము తీయాలి. పాత కస్టమర్లకు ఆ టైపింగ్ చార్జీ మేం తీసుకోం, ఫిల్ము ఖర్చు మాత్రం మీదే. పెద్ద కలర్ పనులు ఎప్పటిలాగే బయట సీటీపీలో, అంటే ఫిల్ము లేకుండా కంప్యూటర్ నుంచే ప్లేటు తీసే పద్ధతిలో, చేయిస్తాం.

ఇంకొకటి. ప్లేటు మీద అనవసరమైనది చెరపగలం గానీ కొత్తగా ఒక్క అంకె కూడా చేర్చలేం. ప్రూఫ్ వచ్చినప్పుడు ఫోన్ నంబరు, జీఎస్టీ నంబరు, ముహూర్తం టైము మీరే చదివి సంతకం పెట్టండి. వాట్సాప్‌లో ‘ఓకే’ అని పెడితే ప్లేటు వేయం. మీ పాత నెగెటివ్‌లు మా బీరువాలో భద్రంగా ఉన్నాయి, కావాలంటే వచ్చి తీసుకెళ్లండి.