పిల్లిని వదిలేయమన్నారంట గదా

కావలి

ఒరేయ్ శీనుగా,

ఫోన్లో నువ్వు గాభరాగా చెప్పింది సగం అర్థమైంది. చెల్లెమ్మకి, అదే మీ ఆవిడకి, మూడో నెల. రక్తపరీక్షలో టాక్సోప్లాస్మా, అంటే పిల్లుల నుంచి వస్తుందని పేరుపడ్డ ఆ పరాన్నజీవి, పాజిటివ్ అని వచ్చింది. అమ్మేమో పిల్లిని గోతంలో వేసి గుండ్లకమ్మ అవతల వదిలి రమ్మంటోంది. పశువుల ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి గదా, ఈ జబ్బు సంగతి గొర్రెల వైపు నుంచి నాకు బాగానే తెలుసు. తీరిగ్గా రాస్తున్నా, నువ్వూ తీరిగ్గా చదువు.

ముందు ఆ కాగితం మళ్లీ తీసి చూడు. ఐజీజీ, ఐజీఎం అని రెండు ఉంటాయి, జబ్బుని ఎదిరించడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలు అవి. ఐజీజీ ఒక్కటే పాజిటివై, ఐజీఎం నెగటివ్ అయితే అది ఎప్పుడో సోకి సద్దుమణిగిపోయిన ఇన్ఫెక్షన్. అట్టాంటి తల్లి ఒంట్లో రక్షణ అప్పటికే ఉంటుంది గనక బిడ్డకి పోయే భయం దాదాపు లేనట్టే. నువ్వు ఏడుస్తూ ఫోన్ చేసిన రిపోర్టు అదే అయితే నాకు పార్టీ ఇయ్యాలి. ఐజీఎం పాజిటివ్ వచ్చినా వెంటనే కంగారుపడొద్దు. అది కొందరిలో ఏడాది దాటినా పోదు, ఒక్కోసారి తప్పుగానూ చూపిస్తుంది. అప్పుడు ఐజీజీ అవిడిటీ అని, ఆ యాంటీబాడీ పట్టు ఎంత గట్టిదో చూసే ఇంకో పరీక్ష చేయిస్తారు. ఈ నెలల్లో అది ఎక్కువగా వచ్చిందంటే కడుపు రాకముందే సోకిందని లెక్క. నిజంగానే కొత్తగా సోకిందని తేలితే మందులున్నాయి, స్పైరామైసిన్ లాంటివి. బిడ్డ దాకా పోయిందా లేదా అన్నది పద్దెనిమిది వారాలు దాటాక ఉమ్మనీరు పరీక్షలో తెలుస్తుంది. తొలి నెలల్లో సోకితే బిడ్డకి చేరే అవకాశం తక్కువ, కానీ చేరితే మెదడుకీ కంటికీ దెబ్బ గట్టిగా ఉంటుంది. చివరి నెలల్లో అయితే చేరడం ఎక్కువ, దెబ్బ తక్కువ. అందుకే కొత్తదా పాతదా అన్నదే అసలు ప్రశ్న. అది తేలకుండా కడుపు తీయించుకోమని సలహా ఇచ్చేవాళ్లని గడప ఎక్కనీయబాకు.

ఇంక పిల్లి. 1908లో ట్యూనిస్‌లో నికోల్, మాన్సో అనే ఇద్దరు ఈ ఒంటికణం పరాన్నజీవిని ఎలుకలాంటి ఒక జంతువులో కనిపెట్టారు. పిల్లి పేగుల్లోనే అది గుడ్లలాంటివి పెడుతుందని తేలడానికి ఆ తర్వాత అరవై ఏళ్లు పట్టింది. ఎలకనో పచ్చి మాంసాన్నో తిన్న పిల్లి, మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు పెంటలో వాటిని లక్షలకొద్దీ వదులుతుంది. తర్వాత మామూలుగా ఆగిపోతుంది. మీ ముసలి పిల్లికి ఆ ముచ్చట ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. పైగా అప్పుడే వేసిన పెంట అంటుకోదు. ఒకటి నుంచి అయిదు రోజులు గాలి తగిలితేనే అందులోవి ముదిరి సోకే స్థితికి వస్తాయి. కాబట్టి రోజుకోసారి ఎత్తేస్తే చాలు. ఆ పని నీది, చెల్లెమ్మది కాదు. పిల్లిని నిమిరినంత మాత్రాన ఏమీ కాదు, చేతులు కడుక్కుంటే సరి. వీధిలో దొరికిన పిల్లికూనల్ని మాత్రం ఇప్పుడు ఇంట్లోకి తేబాకు.

నాకు భయం వేసేది మీ వాకిట్లో ఇసుక కుప్ప చూస్తే. మేడ మీద గది కట్టాలని లారీ ఇసుక పోయించి నెలలైంది గదా? ఊళ్లో పిల్లులన్నిటికీ అదే మరుగుదొడ్డి! మట్టిలో ఆ గుడ్లు ఏడాది పైన బతుకుతాయి. మీ అన్న పిల్లలు అందులోనే గుళ్లు కట్టి ఆడి, ఆ చేతుల్తోనే మైసూర్‌పాక్ తింటారు. ఈరోజే ఒక పట్టా కప్పించు. చెల్లెమ్మ పూలమొక్కల మట్టి కదిలించాలంటే చేతికి గ్లౌజులు తొడుక్కోమను.

రెండోది వంటిల్లు. గొర్రె, మేక, పంది కండలో ఈ పురుగు తిత్తులు కట్టుకుని కూర్చుంటుంది. ఆదివారం మటన్ కుక్కర్లో ఉడికిందంటే దిగుల్లేదు, 67 డిగ్రీలు దాటితే చస్తుంది. తంటా అంతా దానికి ముందే. ఉప్పూ కారం సరిపోయిందా అని సగం ఉడికిన ముక్క నోట్లో వేసుకునే అలవాటు మన ఇళ్లలో ఎవరికి లేదు చెప్పు? కార్జం లోపల ఎర్రగా ఉండగానే దించేవాళ్లూ ఉన్నారు. మాంసం కోసిన కత్తిపీట మీదే కడక్కుండా కీరకాయ కోయడం ఇంకోటి. కొత్తిమీర, పచ్చిగా తినే కూరలు మూడు నీళ్లలో కడగమను.

నీళ్లంటే గుర్తొచ్చింది. 2004లో కోయంబత్తూరులో ఈ టాక్సోప్లాస్మా వల్లే వందమందికి పైగా కంటి జబ్బు వచ్చింది. మునిసిపాలిటీ నీళ్ల మీదే అనుమానపడ్డారు. క్లోరిన్‌కి ఇది లొంగదు, మరిగిస్తే లొంగుతుంది. ఒంగోల్లో మీరు తాగేది చెరువు ట్యాంకు నీళ్లే గదా, కాచి చల్లార్చి తాగండి.

నీకూ నాకూ సోకితే చాలావరకు తెలియను కూడా తెలియదు. మహా అయితే నాలుగు రోజులు ఒళ్లు నొప్పులు, మెడ దగ్గర బిళ్లలు కట్టడం. హెచ్ఐవీతో రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లకి మాత్రం మెదడుకెక్కుతుంది. వాళ్లకి రోజూ వేసుకోమని ఇచ్చే కోట్రిమోక్సజోల్ అనే మందు దీన్ని కూడా అడ్డుకుంటుంది.

అసలు చెప్పాల్సింది ఇంకోటుంది. పురిటికి చెల్లెమ్మ కనిగిరి పోతుంది గదా, మీ మామగారిది గొర్రెల మంద. మన నెల్లూరు జోడిపి గొర్రెలైనా ఇంకేవైనా, మంద ఈసుకుపోవడానికి, అంటే నెలలు నిండకుండానే పిల్లలు పడిపోవడానికి, ఉండే కారణాల్లో టాక్సోప్లాస్మా ఒకటి. ఈనే గొర్రె దగ్గరికి, మాయ దగ్గరికి, చచ్చిపుట్టిన గొర్రెపిల్ల దగ్గరికి చెల్లెమ్మని పోనీయొద్దని మామగారికి నువ్వే చెప్పు. మేకపాలు కాచకుండా తాగొద్దని కూడా చెప్పు. ఆయన నవ్వుతాడు, నవ్వనీ. మా డాక్టరు గారితో ఫోన్ చేయించమంటే చేయిస్తా.

రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో పెట్టు. డాక్టరమ్మని అవిడిటీ సంగతి అడగడం మర్చిపోబాకు.

నీ
రమణ