ఆదివారం అంబాసిడర్ పెట్రోల్ లైన్ పని

అందరికీ నమస్కారం. ఎంపీఎఫ్‌ఐ ఇంజన్ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మేది) కారులో కూర్చుంది. ఇక పెట్రోల్ లైనే మిగిలింది. ఆదివారం పొద్దున్న 7కి బరంపురం షెడ్డుకి వచ్చేయండి.

కార్బురేటర్ కాలం పంపు పావు బార్ చిల్లర ఒత్తిడి ఇస్తుంది, ఈ ఇంజన్‌కి దాదాపు 3 బార్ కావాలి. పాత రబ్బరు పైపులు తేవద్దు, ఉబ్బి పగుల్తాయి. ఇంజెక్షన్ హోస్ (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే పైపు), దాని క్లాంపులే తెండి. మిగిలిన పెట్రోల్ ట్యాంకులోకి వెళ్లడానికి రిటర్న్ లైన్ కూడా వేయాలి.

ట్యాంకు కడగడం పర్లాకిమిడి వాళ్ల పని. బాగా కడగండి బాబూ, పోయినసారి నా ఫిల్టర్ రెండు రోజుల్లో తుప్పుతో పూడుకుపోయింది!

బీడీలు, సిగరెట్లు గేటు బయటే. బ్యాటరీ వైరు ముందే విప్పాలి. మంటలార్పే సిలిండర్ ఉన్నవాళ్లు తప్పక తెండి.

ఎవరెవరు వస్తారో శుక్రవారంలోగా చెప్పండి, ఉప్మాకి లెక్క కావాలి.