తరుగు తేల్చకుండా ఎర్రర్ నాణెం కొనొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

ఎర్రర్ నాణేనికి, అంటే టంకశాలలో తయారీ లోపంతో అంచు కొరికేసినట్టు వచ్చిన రూపాయి లాంటిదానికి, లక్షలు వస్తాయని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతుండడంతో విజయనగరం, శ్రీకాకుళం కిరాణా కొట్లలో గల్లాపెట్టె చిల్లర వెతికేవాళ్లు కనిపిస్తున్నారు. వెతకడంలో తప్పు లేదు. కానీ బంగారం దగ్గర తరుగు ఎంతో అడగనిదే కదలని మనం, ఇలాంటి నాణేన్ని కాటా మీద పెట్టకుండానే కొనేస్తున్నాం. లోహం ఎంత పోయిందో, ఎలా పోయిందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

చాలామంది తడబడేది మొదటి అడుగులోనే. బొమ్మ పక్కకు జరిగి, ఒకవైపు నెలవంకలా ఖాళీ మిగిలిన నాణెంలో లోహం ఏమీ పోలేదు. బిళ్ళ, అంటే ఇంకా ముద్ర పడని లోహపు ముక్క, అచ్చుల మధ్య సరిగా కూర్చోకుండానే దెబ్బ పడింది, అంతే. తూకం నిండుగానే ఉంటుంది. అచ్చులో గ్రీజు పేరుకుని అక్షరాలు సరిగా పడనివి, ముద్ర పడేటప్పుడు చుట్టూ పట్టి ఉంచే కట్టు లేక వెడల్పుగా సాగినవి కూడా ఇంతే. సంవత్సరం కింద నక్షత్రం లేదు కాబట్టి ఎర్రర్ అనేవాళ్లూ ఉన్నారు. నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు; కోల్‌కతా నాణేలకు అసలు గుర్తే ఉండదు. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కానీ సంగతీ చెప్పాలి. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి ప్రభుత్వమే ఆ చిల్లు పెట్టించింది.

నిజంగా లోహం పోయేది బిళ్ళలు కోసే దశలో. పొడవాటి లోహపు రేకు పంచ్ (గుండ్రంగా కోసే పనిముట్టు) కిందకు జరుగుతూ వస్తుంది. రెండు కోతల మధ్య అది జరగాల్సినంత జరగకపోతే, కొత్త కోత కొంతభాగం పాత రంధ్రం మీద పడుతుంది. అక్కడ లోహం లేదు కనుక బిళ్ళకు వంపు తిరిగిన కొరుకు పడుతుంది. దీన్నే సేకర్తలు క్లిప్ అంటారు. కోత రేకు అంచు మీద పడితే క్లిప్ తిన్నగానో, చిరిగినట్టు గరుకుగానో ఉంటుంది. రేకే పలచగా వస్తే మాత్రం వెడల్పు సరిగానే ఉండి మందం, తూకం తగ్గుతాయి.

తూకానికి 0.01 గ్రాము చూపే చిన్న కాటా కావాలి. ఫ్యాను ఆపి, కదలని బల్ల మీద పెట్టి, మూడుసార్లు తూచండి. మురికి ఉంటే సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఇత్తడి చెంబులా చింతపండు పెట్టి తోమారో, నాణెం పైపొర పోతుంది, విలువా పోతుంది.

పోల్చాల్సిన అసలు తూకం సరైనదై ఉండాలి. 1992 నుంచి 2004 దాకా వచ్చిన స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. 2011లో మొదలైన రూపాయి 3.79 గ్రాములు, సుమారు 22 మిల్లీమీటర్లు. రెండోదాన్ని మొదటిదానితో పోల్చి ‘22 శాతం లోహం లేదు’ అని మురిసిపోయేవాళ్లున్నారు! పాత కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) అయిదు రూపాయలు 9 గ్రాములు, 2011 రకం ఇత్తడి రంగు అయిదు 6 గ్రాములు. నాణేల పుస్తకంలో తూకం ఎంతున్నా, అదే రకం, అదే కాలపు మంచి నాణేలు పది తూచి సగటు తీయడం మేలు. ఆ పదింటిలోనే 0.05 గ్రాము తేడా కనబడితే, అంతకన్నా చిన్న తరుగును ఎర్రర్ అనడానికి వీల్లేదు.

ఇక కొలత. వెర్నియర్ కాలిపర్ దవడల సన్నని కొసలతో క్లిప్ నడిమధ్య నుంచి ఎదుటి అంచు వరకు కొలవండి. దవడల వెడల్పు భాగం పెడితే క్లిప్ రెండు మూలల మీద ఆనుకుని లోతు తక్కువ చూపిస్తుంది. 25 మిల్లీమీటర్ల స్టీలు రూపాయిలో 22 వచ్చిందనుకుందాం. లోతు 3. క్లిప్ ఒక మూల నుంచి మరో మూలకు కొలిస్తే 11.9 దాకా వస్తుంది. ఈ రెండింటినీ గుణించి, మూడింట రెండు వంతులు తీసుకుంటే పోయిన వైశాల్యం: సుమారు 23.8 చదరపు మిల్లీమీటర్లు. పూర్తి నాణెం వైశాల్యం 25×25×0.785, అంటే 490.6. తరుగు 4.85 శాతం, తూకంలో 0.24 గ్రాము దగ్గర. కాటా 4.61 చూపించాలి. 0.1 గ్రాము కాటా అయితే తరుగును 0.2 అనో 0.3 అనో అంటుంది. అంత తప్పుతో ఏ నిర్ణయానికీ రాలేం. తిన్నని క్లిప్‌కూ ఇదే సూత్రం పనికొస్తుంది, కాకపోతే అదే 3 మిల్లీమీటర్ల లోతుకు తరుగు 6.8 శాతం దాకా ఉంటుంది. పదకొండు మూలల పాత రెండు రూపాయలకు ఈ గుండ్రటి లెక్క అతకదు. 6 గ్రాముల తూకాన్నే నమ్ముకోవాలి.

కాటా తూకం, కొలతతో వేసిన లెక్క రెండూ ఆ పది మంచి నాణేల్లో కనబడినంత తేడాలోపే కలిస్తే సరే. లెక్కకన్నా తూకం బాగా తగ్గితే, అరుగుదలో ఆమ్లమో కారణమై ఉండాలి. ఆమ్లంలో నానబెట్టి ‘పలచని బిళ్ళ’ అని అమ్మేదానికి అక్షరాలు మసకబారి, వెడల్పు కూడా కాస్త తగ్గి ఉంటుంది. నాగావళిలో, వంశధారలో మొక్కుగా వేసిన నాణేలు అయస్కాంతానికి అంటుకుని బయటికొస్తాయి కదా, ఇసుక రాపిడికి అవీ ఇలాగే అరిగి తూకం తగ్గుతాయి. వాటిని ఎర్రర్ అనకూడదు.

అయితే కొత్త రూపాయిని ఆకురాయితో గుండ్రంగా అరగదీసినా తూకం, కొలత కలుస్తాయి. అందుకే పది రెట్లు చూపే భూతద్దంతో అంచు చూడాలి. ముద్ర పడక ముందే బిళ్ళ అంచును ఒత్తి లేపే యంత్రం ఒకటుంది. క్లిప్ ఉన్నచోట దానికి పట్టు దొరకదు, ఒత్తిడి ఎదురుగా ఉన్న అంచు మీద కూడా పడదు. కాబట్టి అసలు క్లిప్‌కు సరిగ్గా ఎదురుగా అంచు నలిగిపోయినట్టు, పలచగా ఉంటుంది. దీనికి బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అని పేరు. చిన్న క్లిప్‌లలో ఇది కనిపించకపోవచ్చు, అప్పుడు అక్షరాలు చూడండి. అసలుదానిలో క్లిప్ దగ్గరి అక్షరాలు ఆ ఖాళీ వైపు సాగి సన్నబడతాయి. నకిలీలో కత్తిరించినట్టు ఠక్కున ఆగుతాయి, ఆకురాయి గీతలు వరుసగా కనబడతాయి. పది రూపాయల నాణెంలో నడిమి బిళ్ళ ఊడిందంటే మాత్రం సుత్తినే ముందు అనుమానించాలి. నాణేలను ధ్వంసం చేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరమన్నది ఈ పని చేసేవాళ్లు గుర్తుంచుకుంటే మంచిది.

తరుగు శాతమే ధర కాదు. మా అంచనాలో 5 శాతం లోపు క్లిప్‌లు మామూలువే. సంవత్సరం, క్లిప్‌ల సంఖ్య, నాణెం ఎంత కొత్తగా ఉందన్నవీ చూస్తారు. కొనిపెడతామంటూ ముందుగా కమీషనో పన్నో కట్టమనేవాళ్లకు పైసా ఇవ్వకండి. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని, వాటిపై ఎలాంటి ఛార్జీలూ కమీషన్లూ వసూలు చేయడం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

— నాణేల సేకర్తలు, విజయనగరం